పగడపు దిబ్బల్లో చేపల నిల్వలను అంచనా వేయడం: హైదరాబాదు నుంచి బయలుదేరే సర్వే బృందాలకు సమగ్ర మార్గదర్శి

ఒక పగడపు దిబ్బలో ఎన్ని చేపలున్నాయో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. రాళ్ల సందుల్లో దాగినవి, రాత్రిపూట మాత్రమే బయటికి వచ్చేవి, మనిషిని చూడగానే తప్పుకొనేవి ఎప్పుడూ లెక్కకు అందవు. అయినా చేపల వేటను నియంత్రించవలసిన వారికి కావలసిన సమాధానాలు దొరుకుతాయి. ఇప్పుడు సాగుతున్నంత వేటను ఈ దిబ్బ తట్టుకుంటోందా? గుడ్లు పెట్టే ఈడుకు వచ్చిన చేపలు తగినన్ని మిగులుతున్నాయా? నిరుటికీ ఈ ఏటికీ పరిస్థితి మెరుగైందా, దిగజారిందా? ప్రతి ఏడూ ఒకే పద్ధతిలో, ఒకే తరహా పొరపాట్లకు లోబడి కొలిచినప్పుడే ఈ ప్రశ్నలకు నమ్మదగిన జవాబులు వస్తాయి. అందుకే ఈ మార్గదర్శిలో పరికరాల గొప్పతనం కంటే కొలతలో నిలకడకూ, చేప పొడవుకూ ఎక్కువ చోటు ఇచ్చాను.

తెలుగు తీరంలో విస్తారమైన పగడపు దిబ్బలు లేవు. విశాఖపట్నం పరిసరాల్లో ఉన్నవి ప్రధానంగా రాతి దిబ్బలు. మన దేశంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లక్షద్వీప్‌లోనూ, అండమాన్ నికోబార్ దీవుల్లోనూ, మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖల్లోనూ ఉన్నాయి. హైదరాబాదులో జంతుశాస్త్రమో మత్స్యశాస్త్రమో చదువుతూ, డైవింగ్ నేర్చుకొని, ఈ ప్రాంతాల్లో జరిగే సర్వేల్లో పాల్గొనదలచిన వారిని దృష్టిలో పెట్టుకొని ఇది రాశాను.

ముందుగా ప్రశ్న

సర్వే ఎవరికి ఉపయోగపడాలో తేల్చుకోకుండా నీటిలోకి దిగకూడదు. గ్రామ మత్స్యకార సంఘం దిబ్బ లోపలి ఒక మడుగులో వల వేయడాన్ని కొన్నాళ్లు ఆపాలా వద్దా అని ఆలోచిస్తుంటే, ఆ మడుగులోనూ, దానితో పోల్చదగిన మరో చోటా, నిషేధానికి ముందూ తరువాతా కొలవాలి. మూసిన చోట మాత్రమే కొలిచి చేపలు పెరిగాయని చెబితే, ఆ ఏడు అంతటా పిల్ల చేపలు బాగా నిలదొక్కుకోవడం వల్ల పెరిగాయో, నిషేధం వల్ల పెరిగాయో తేలదు. అటవీ శాఖ రక్షిత ప్రాంతపు పరిస్థితిని తెలుసుకోవాలనుకుంటే కొలత వేరుగా ఉంటుంది. ఒకటి రెండు జాతుల మీదే వేట భారమంతా పడుతుంటే, వందల జాతుల జాబితా తయారుచేయడం కన్నా ఆ రెండింటి పొడవులను శ్రద్ధగా కొలవడం మేలు.

ఈ దశలోనే మత్స్యకారులతో కూర్చోవాలి. ఏ చేప ఏ నెలలో ఎక్కడ గుమిగూడుతుందో, ఇరవై ఏళ్ల కిందట ఎంత పెద్దవి దొరికేవో వారికి తెలుసు. ఇతర చేపలను తిని బతికే గ్రూపర్ చేపలు అనేక జాతుల్లో ఏడాదికి కొద్ది రోజులు మాత్రమే, పౌర్ణమికో అమావాస్యకో అటూ ఇటూగా, ఒక నిర్ణీత స్థలంలో చేరి గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో ఆ చోట కొలిస్తే దిబ్బంతా గ్రూపర్లతో నిండి ఉందనిపిస్తుంది. ఆ రోజుల్లోనే వేట సాగితే ఏడాది సంతతికి దెబ్బ తగులుతుంది. అందువల్ల ఆ స్థలాలను విడిగా గుర్తించాలి, వాటి వివరాలను మాత్రం బహిరంగ నివేదికలో పెట్టకూడదు.

హైదరాబాదులోనే పూర్తి చేయవలసిన సన్నాహం

సముద్రం కనిపించని ఈ నగరంలో సముద్ర సమాచారానికి లోటు లేదు. 1999లో ఏర్పడి, ఇప్పుడు భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ప్రగతినగర్‌లోనే ఉంది. అలల ఎత్తు, ప్రవాహాలు, పోటుపాట్ల ముందస్తు సమాచారం అక్కడినుంచి వెలువడుతుంది. ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత ఆధారంగా, నీరు మరీ వేడెక్కి పగడాలు రంగు కోల్పోయి తెల్లబారే ముప్పును తెలిపే హెచ్చరికలు కూడా ఇన్‌కాయిస్ ఇస్తుంది. సర్వే తేదీలు నిర్ణయించేటప్పుడు వీటన్నింటినీ చూడాలి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. అటువంటి ఏడాది తరువాత చేపల సంఖ్యలో వచ్చే మార్పును వేట ఖాతాలో వేస్తే మత్స్యకారులకు అన్యాయం చేసినట్టే.

అనుమతుల సంగతి ముందే చూసుకోవాలి. లక్షద్వీప్‌కు వెళ్లే బయటివారికి ప్రవేశ అనుమతి తప్పనిసరి. మన్నార్ సింధుశాఖలోని 21 దీవుల చుట్టూ ఉన్న సముద్ర జాతీయ ఉద్యానవనంలోనైనా, అండమాన్‌లోని వండూర్ ఉద్యానవనంలోనైనా అటవీ శాఖ అనుమతి లేకుండా సర్వే చేయకూడదు. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి విరిగి పడిన ముక్కను కూడా తీసుకురాకూడదు.

తరువాత శిక్షణ. నీటిలో డైవింగ్ మాస్కు గుండా చూసినప్పుడు వస్తువు అసలు కంటే మూడో వంతు పెద్దదిగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. ముప్పై సెంటీమీటర్ల చేపను శిక్షణ లేని కన్ను నలభై అని రాస్తుంది. దీనికి మందు ఈతకొలనులో దొరుకుతుంది. వేర్వేరు పొడవుల్లో కోసిన పీవీసీ గొట్టం ముక్కలను తాడుకు కట్టి నీటిలో వేలాడదీసి, రెండు నుంచి ఐదు మీటర్ల దూరంలో ఉండి పొడవు అంచనా వేసి రాయాలి, బయటికి వచ్చి అసలు పొడవుతో పోల్చుకోవాలి. ఎవరి అంచనా ఎటు మొగ్గుతోందో నమోదు చేసి, తేడా స్థిరంగా తగ్గే వరకు సాధన కొనసాగించాలి. ముషీరాబాదు చేపల మార్కెట్టు మరో మంచి పాఠశాల. అమ్మేవారి అనుమతితో, ఉదయం బేరాలు ముగిసిన వేళ, బల్ల మీది చేప పొడవును ముందు కంటితో చెప్పి ఆ తరువాత టేపుతో కొలవాలి. రవ్వ, బొచ్చె అయినా సరే, మూతి కొస నుంచి తోక చివరి దాకా ఉండే పూర్తి పొడవుకూ, తోక చీలిక దాకా ఉండే పొడవుకూ తేడా చేతికి అలవాటవుతుంది. మృగశిర కార్తె నాడు మాత్రం అక్కడ అడుగు పెట్టే చోటు ఉండదు, ఆ రోజు వద్దు.

జాతుల గుర్తింపు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: తెలియని చేపకు ఊహించి జాతి పేరు రాయడం కంటే కుటుంబం పేరు రాయడం నయం. చిలుక చేపల్లో చాలా జాతులకు చిన్నప్పుడు ఒక రంగు, పెద్దయ్యాక మరో రంగు ఉంటాయి. ఈ రెండు రూపాలనూ రెండు జాతులుగా రాసిన పట్టికలు విశ్లేషణను మొదట్లోనే చెడగొడతాయి.

ఎక్కడ, ఎన్ని చోట్ల

దిబ్బ అంతా ఒకే రకంగా ఉండదు. లోపలి మడుగు, పోటు పాటులకు తేలి మునిగే చదునైన భాగం, సముద్రం వైపు దిగే వాలు వేర్వేరు నివాసాలు. వాలులో కూడా ఐదు మీటర్ల లోతున ఉండే చేపలు పదిహేను మీటర్ల లోతున ఉండకపోవచ్చు. కాబట్టి దిబ్బను ముందు ఈ భాగాలుగా విభజించి, ఒక్కో భాగంలో సర్వే స్థలాలను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. అందంగా ఉన్న చోటును, పడవ నడిపేవారికి ఇష్టమైన చోటును ఎంచుకుంటే ఫలితం ఆ చోటికే వర్తిస్తుంది. ప్రతి స్థలం అక్షాంశ రేఖాంశాలనూ, లోతునూ, ఆ వేళ పోటు స్థితినీ రాసుకోవాలి.

ఎన్ని కొలతలు కావాలన్నది చిన్న లెక్క. తొలి సర్వేలో ఒక్కో కొలతకు వచ్చిన సంఖ్యల ప్రామాణిక విచలనం (అవి సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సగటులో 60 శాతం ఉందనుకుందాం. సగటు మీద ప్రామాణిక దోషం, అంటే సగటు అంచనాలో ఉండగల పొరపాటు, 20 శాతానికి తగ్గాలంటే 60ని 20తో భాగించి వర్గం చేయాలి; తొమ్మిది కొలతలు సరిపోతాయి. దోషం 15 శాతానికి రావాలంటే పదహారు కావాలి. దోషాన్ని సగానికి తగ్గించాలంటే శ్రమ నాలుగింతలు అవుతుందన్నమాట. దిబ్బ చేపల్లో వైవిధ్యం ఎప్పుడూ ఎక్కువే కాబట్టి, పది స్థలాల్లో మూడేసి కొలతలు తీసుకోవడమా, మూడు స్థలాల్లో పదేసి తీసుకోవడమా అన్న సందేహం వచ్చినప్పుడు నేను మొదటి దానివైపే మొగ్గుతాను.

నీటిలో లెక్కింపు

కంటితో చేసే ఈ లెక్కింపును మత్స్య శాస్త్రవేత్త వెర్నన్ బ్రాక్ హవాయిలో చేసి 1954లో ప్రచురించిన పని నుంచి నేటి వరకు ఎందరో మెరుగుపరిచారు. ఇందులో ఎక్కువగా వాడే పద్ధతి బెల్ట్ ట్రాన్సెక్ట్. దిబ్బ మీద లోతు మారకుండా 50 మీటర్ల టేపు పరచి, దానికి రెండు వైపులా రెండున్నర మీటర్ల వెడల్పులో, అంటే మొత్తం 250 చదరపు మీటర్ల పట్టీలో, కనిపించిన చేపలను లెక్కించాలి. రీఫ్ చెక్ అనే అంతర్జాతీయ సంస్థ పద్ధతిలో వంద మీటర్ల టేపు మీద ఇరవై మీటర్ల భాగాలు నాలుగు, వాటి మధ్య ఐదేసి మీటర్ల ఖాళీలు ఉంటాయి. అరచేతిలో ఇమిడే చిన్న చేపలకు ఐదు మీటర్ల వెడల్పు ఎక్కువ. వాటిని రెండు మీటర్ల వెడల్పులో, తిరుగు ప్రయాణంలో విడిగా లెక్కించడం మంచిది.

టేపు పరిచే సందడికే గ్రూపర్లు, స్నాపర్లు పక్కకు తప్పుకుంటాయి. అందుకు రెండు ఉపాయాలున్నాయి. టేపు పరిచాక పది పదిహేను నిమిషాలు దూరంగా వేచి ఉండి తరువాత లెక్క మొదలుపెట్టవచ్చు. లేదా ముందున్న డైవర్ లెక్కిస్తూ వెళ్తుంటే, వెనకనున్న జతగాడు టేపు విడుస్తూ రావచ్చు. ఏదో ఒకటి ఎంచుకొని ఏటేటా అదే పాటించాలి. ఈత వేగం కూడా మారకూడదు. నిదానంగా ఈదేవారికి ఎక్కువ చేపలు కనిపిస్తాయి; నిరుడు పదిహేను నిమిషాల్లో ముగించిన కొలతను ఈ ఏడు అరగంట చేస్తే, చేపలు పెరగకపోయినా లెక్క పెరుగుతుంది.

అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు తిరిగే చేపల విషయంలో దొర్లుతుంది. పార చేపలు, సొరలు వంటివి సర్వే సాగుతున్నంతసేపూ పట్టీలోకి వస్తూ పోతూ ఉంటాయి. వచ్చిన ప్రతిదాన్నీ రాస్తే, ఒక క్షణంలో అక్కడ నిజంగా ఉండే సంఖ్యకు అనేక రెట్లు నమోదవుతుంది. ముందున్న ఐదు మీటర్ల ముక్కను ఒకసారి చూసి, ఆ క్షణాన అందులో ఉన్న పెద్ద, వేగంగా కదిలే చేపలను ముందు రాసి, ఆ తరువాత నెమ్మదిగా కదిలేవాటిని రాయాలి. వెనకనుంచి దాటి వచ్చిన చేపను లెక్కలోకి తీసుకోకూడదు. పెద్ద గుంపు ఎదురైతే, అందులో పదో ఇరవయ్యో చేపలున్న భాగాన్ని కంటితో పట్టుకొని, గుంపులో అటువంటి భాగాలు ఎన్ని ఉన్నాయో అంచనా వేయాలి.

నీటిలో రాయడానికి వీలైన స్లేటు మీద ప్రతి చేపకూ జాతి, సంఖ్య, పొడవు రాయాలి. పొడవును ఐదు సెంటీమీటర్ల వర్గాల్లో రాయడం చాలామందికి సాధ్యమే. పొడవు లేకుండా సంఖ్య ఒక్కటే తెచ్చే సర్వే, మత్స్య యాజమాన్యం దృష్టిలో సగం వ్యర్థం. నలభై చిన్న స్నాపర్లున్న దిబ్బకూ, నలభై పెద్ద స్నాపర్లున్న దిబ్బకూ ఉన్న తేడా అంతా పొడవులోనే ఉంది.

టేపు పరచడానికి వీలులేనంత ఎగుడుదిగుడుగా ఉన్న చోట్ల స్థిర బిందు పద్ధతి వాడవచ్చు. 1986లో పరిశోధకులు బోన్‌సాక్, బానెరాట్ వివరించిన ఈ పద్ధతిలో డైవర్ ఒకే చోట నిలిచి, తన చుట్టూ ఏడున్నర మీటర్ల వ్యాసార్ధంలో ముందు ఐదు నిమిషాలు జాతుల జాబితా రాసి, తరువాత వాటి సంఖ్యలూ పొడవులూ నమోదు చేస్తాడు. ఈ లెక్కలను ట్రాన్సెక్ట్ లెక్కలతో నేరుగా కలపకూడదు.

ఇద్దరు లెక్కించేవారు ఒకే పట్టీని వెంటవెంటనే లెక్కించి తమ మధ్య తేడాను చూసుకోవడం ప్రతి యాత్రలోనూ ఒక రోజు పనిగా పెట్టుకోవాలి. జత లేకుండా ఎవరూ నీటిలోకి దిగకూడదు. పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి. రోజుల తరబడి డైవ్ చేసినవారు చివరి డైవ్ తరువాత కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. అగత్తి నుంచో శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) నుంచో హైదరాబాదు తిరుగు టికెట్టు తీసుకొనేటప్పుడే ఇది గుర్తుంచుకోవాలి.

కెమెరాలు, డీఎన్ఏ

ఈటెలతో వేటాడే చోట చేపలు డైవర్‌కు దూరంగా తొలగుతాయి. అక్కడ ఎర కట్టిన వీడియో కెమెరా మెరుగు. కవ్వల వంటి నూనె చేపను చితక్కొట్టి ఎరగా పెట్టి, గంటసేపు చిత్రీకరించి, ఒక జాతికి ఒకే ఫ్రేములో కనిపించిన గరిష్ఠ సంఖ్యను తీసుకుంటారు. వెళ్లిన చేపే మళ్లీ వచ్చిందా అన్న చిక్కు దీనితో పోతుంది. రెండు కెమెరాలను జతగా అమర్చితే పొడవు కూడా కొలవవచ్చు. అయితే ఎర వాసన ఎంత దూరం పోయిందో ప్రవాహాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఈ సంఖ్యను హెక్టారుకు ఇన్ని చేపలని మార్చకూడదు. నీటి నమూనాలోని డీఎన్ఏ ద్వారా ఏ జాతులున్నాయో తెలుస్తుంది, కంటికి కనబడని చేపలు కూడా బయటపడతాయి. ఎన్ని ఉన్నాయో, ఎంత పొడవున్నాయో మాత్రం తెలియదు. ఎంత పట్టవచ్చన్న కోటా నిర్ణయించడానికి ఇది ఇప్పటికి చాలదు.

రేవులో కొలత

డబ్బు, మనుషులు తక్కువగా ఉన్న బృందానికి నా సలహా ఒక్కటే: కెమెరా కొనడానికి ముందు రేవులో కొలతల పలక పెట్టండి. పడవ ఒడ్డుకు వచ్చినప్పుడు ఏ వలతో లేదా ఏ గాలంతో, ఎందరు, ఎన్ని గంటలు, ఏ వైపు వేటాడారో అడిగి, పట్టిన చేపల్లో లక్ష్య జాతులన్నింటి పొడవులు కొలవాలి. పెద్ద చేపలను ఎగుమతి కోసం ముందే వేరు చేస్తారు, చిన్నవి ఇంటి కూరకు పోతాయి; కాబట్టి వేరు చేయకముందే కొలవకపోతే పొడవుల చిత్రం తప్పుతుంది. ఖాళీగా తిరిగి వచ్చిన పడవను కూడా నమోదు చేయాలి. చాలా పట్టికల్లో లేనిది ఈ సున్నాయే.

పొడవుల పట్టిక చేతికి వచ్చాక మూడు విషయాలు చూడాలి. పట్టిన చేపల్లో ఎంత శాతం తొలిసారి గుడ్లు పెట్టే ఈడు పొడవును దాటాయి? మంచి దిగుబడినిచ్చే పొడవుకు దగ్గరలో ఎంత శాతం ఉన్నాయి? ఆ పొడవును బాగా మించిన పెద్ద తల్లి చేపలు ఇంకా కనిపిస్తున్నాయా? పెద్ద ఆడ చేప తన బరువు నిష్పత్తిని మించి గుడ్లు పెడుతుంది కాబట్టి ఈ మూడోది కీలకం. మరో అడుగు ముందుకు వేస్తే, పొడవుల ఆధారంగా సంతానోత్పత్తి సామర్థ్య నిష్పత్తిని, అంటే వేట తరువాత గుడ్లు పెట్టే శక్తి ఎంత మిగిలిందో, లెక్కించవచ్చు. వేట లేని స్థితితో పోలిస్తే ఇది 20 శాతం కంటే తగ్గితే ప్రమాదమనీ, 40 శాతం దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండవచ్చనీ సాధారణంగా పరిగణిస్తారు. గ్రూపర్ల విషయంలో జాగ్రత్త అవసరం. వాటిలో చాలా జాతులు ఆడవిగా మొదలై పెద్దయ్యాక మగవిగా మారతాయి. పెద్దవాటిని ఏరి పట్టే వేట మగవాటిని ఖాళీ చేస్తుంది. ఆడ చేపల లెక్క బాగుందన్న కారణంగా చేపల నిల్వ బాగుందనుకోకూడదు.

సంఖ్య నుంచి బరువుకు

చేప బరువు, పొడవును ఒక ఘాతానికి హెచ్చించి ఒక స్థిరాంకంతో గుణిస్తే వస్తుంది. ఆ ఘాతం చాలా జాతులకు 3కు దగ్గరగా ఉంటుంది; జాతివారీ విలువలు చేపల సమాచార వెబ్‌సైటు ఫిష్‌బేస్‌లో దొరుకుతాయి. స్థిరాంకం 0.015, ఘాతం 3 అనుకుంటే 30 సెంటీమీటర్ల చేప బరువు 405 గ్రాములు. అదే చేపను 33 అని రాస్తే బరువు 539 గ్రాములవుతుంది. పొడవులో పది శాతం పొరపాటు బరువులో ముప్పై మూడు శాతం అవుతోంది. ఈతకొలనులో గొట్టం ముక్కలతో అంత సాధన చేయమన్నది ఇందుకే. ఫిష్‌బేస్ విలువలు పూర్తి పొడవుకు ఇచ్చారా, తోక చీలిక పొడవుకు ఇచ్చారా అన్నది చూడకుండా వాడకూడదు.

250 చదరపు మీటర్ల పట్టీలోని మొత్తం బరువును 40తో గుణిస్తే హెక్టారుకు జీవద్రవ్యరాశి వస్తుంది. పట్టీలో ఆరు కిలోలుంటే హెక్టారుకు 240 కిలోలు. దీన్ని దేనితో పోల్చాలి? 800కు పైగా దిబ్బల సమాచారంతో 2015లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, వేట లేని దిబ్బల్లో సగటున హెక్టారుకు సుమారు 1,000 కిలోల చేపలుంటాయి. వేట సాగే దిబ్బల్లో 83 శాతం ఇందులో సగానికి పైగా కోల్పోయాయి. ఇది దారి చూపే సంఖ్య మాత్రమే. ఇసుక ఎక్కువగా ఉన్న లోపలి మడుగు నుంచి వెయ్యి కిలోలు ఆశించకూడదు. దగ్గరలోని రక్షిత దిబ్బతో పోల్చుకోవడం అంతకంటే మంచిది.

ఒకే ఒక్క పెద్ద గుంపు ఒక పట్టీలో పడితే సగటు తలకిందులవుతుంది. ఆ పట్టీని తీసివేయడం తప్పు, దాచడం అంతకంటే తప్పు. సగటుతో పాటు మధ్యగతాన్నీ, ఆ గుంపు ఉన్నప్పుడూ లేనప్పుడూ వచ్చే విలువలనూ నివేదికలో ఇవ్వాలి. చేపలన్నింటినీ కలిపి ఒకే మొత్తం చూపడం కూడా సరిపోదు. పగడాల మీద నాచును అదుపులో ఉంచే చిలుక చేపలు, సర్జన్ చేపలు ఒక వరుసలో, ఇతర చేపలను తినే గ్రూపర్లు, స్నాపర్లు మరో వరుసలో కనిపించాలి. వేట భారం మొదట రెండో వరుసలో బయటపడుతుంది.

నిర్ణయం వరకు

ఫలితాలు రాకముందే, ఏ ఫలితానికి ఏ చర్య తీసుకోవాలో సంఘంతో కలిసి రాసుకోవాలి. ఉదాహరణకు, పట్టిన స్నాపర్లలో ఈడు దాటినవి సగం కంటే తగ్గితే వల కన్ను పెంచాలని, రెండేళ్లు వరుసగా తగ్గితే గుడ్లు పెట్టే నెలల్లో ఆ స్థలాన్ని మూయాలని ముందే ఒప్పుకుంటే, ఫలితం వచ్చిన రోజున వాదన ఉండదు. ఎంత శాతం, ఎన్ని నెలలు అన్నది ఆ ఊరి జీవనాధారాన్ని బట్టి వారే తేల్చాలి.

ఎంత త్వరగా ఫలితం ఆశించవచ్చో కూడా నిజాయితీగా చెప్పాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని రౌలీ షోల్స్ దగ్గర పట్టిన ఒక స్నాపర్ వయసు 81 ఏళ్లని తేలింది. అంత నిదానంగా సాగే జీవితాలున్న చేపలు రెండేళ్ల నిషేధంతో తిరిగి నిండవు. చిలుక చేపల్లో కొన్ని త్వరగా పుంజుకుంటాయి. మూసిన చోట ఏ జాతి ఎప్పటికి పెరగవచ్చో జాతివారీగా చెబితే, మూడో ఏట సంఘం ఆశ వదులుకోకుండా ఉంటుంది.

ఫలితాలను మత్స్యకారులకు వారి భాషలో, వారు వాడే చేపల పేర్లతో, వారి రేవులోనే ముందు వినిపించాలి. ఆ తరువాతే శాఖలకు పంపాలి. ముడి సమాచారాన్ని, స్లేటుల ఫోటోలతో సహా, రెండు చోట్ల భద్రపరచాలి. ఎవరు లెక్కించారు, నీటిలో చూపు ఎంత దూరం ఆనింది, టేపు పరిచాక ఎంతసేపు ఆగారు అన్న వివరాలను అదే పట్టికలో ఉంచాలి. మళ్లీ వెళ్లే సర్వేను అదే నెలలో, చంద్రుడి అదే దశలో, వీలైతే అదే డైవర్లతో పెట్టుకోవాలి. మధ్యలో ఇన్‌కాయిస్ నుంచి తెల్లబారే హెచ్చరిక వస్తే, ఏడాది పూర్తయ్యే దాకా ఆగకుండా ఆ వేసవి ముగిసిన వెంటనే అవే స్థలాల్లో పగడాలనూ చేపలనూ కలిపి ఒకసారి అదనంగా కొలవాలి.